ఖాళీ అయిన ఎన్‌క్లోజర్‌ను ఖాళీగానే ఉండనివ్వండి

మొన్న సెలవుల్లో మా తమ్ముడు పిల్లల్ని వెంటేసుకుని హైదరాబాదు నెహ్రూ జూపార్కుకు వెళ్లొచ్చాడు. రాత్రి ఫోన్ చేసి ఒకటే గొణుగుడు. "ఏమున్నదక్కా ఆడ! చీతా లేదు. ముసలి తాబేలు లేదు. రాణి ఏనుగు ఎప్పుడో పాయె. పోరగాళ్లకు ఏం సూపియ్యాలె? పోయినయి ఎట్లాగో పోయినయి, కొత్తయన్న తేవాలె గదా!"

వాడొక్కడే కాదు, హైదరాబాదులో చాలామంది ఇదే మాట అంటారు. జూలో ఏదైనా పెద్ద జంతువు చనిపోయిందని పేపర్లో చదవగానే అయ్యో అనుకుంటాం. వెంటనే దాని చోట్లోకి ఏది వస్తుందని అడుగుతాం. అధికారులూ అదే ధోరణిలో జవాబు చెప్తారు: ఫలానా జూతో మాట్లాడుతున్నాం, మార్పిడికి అనుమతులు అడిగాం, త్వరలో కొత్త జత వస్తుంది. జూ అన్నాక ఏ ఎన్‌క్లోజరూ ఖాళీగా ఉండకూడదని, ఉంటే నడిపేవాళ్లకు చేతకానట్టేనని మనందరి మనసుల్లో పాతుకుపోయింది. ఆ రాత్రి ఫోన్లో తమ్ముడితో గంటసేపు వాదించాను. ఆ వాదనే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నా మాట ఇది: ఒక జంతువు పోయి ఎన్‌క్లోజర్ ఖాళీ అయితే దాన్ని కొత్త జాతితో నింపొద్దు. ఆ జాగాను పక్కనున్న జంతువుకు ఇవ్వండి, లేదా గడ్డి పెరగనివ్వండి. తక్కువ జాతులు, ఎక్కువ చోటు. ఊళ్లో జూ ఇకమీదట పోవాల్సిన దారి ఇదేనని నా గట్టి నమ్మకం.

చీతా కథ

తమ్ముడు ముందుగా తలచుకున్నది చీతానే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. 2012లో హైదరాబాదులో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు సౌదీ రాజకుటుంబీకుడొకరు మన జూ చూసి, సింహాలనూ చీతాలనూ కానుకగా ఇస్తామన్నారు. 2013లో అవి వచ్చాయి. దేశంలో చీతా అంతరించిందని ప్రకటించి అప్పటికి అరవై ఏళ్లు. అందుకే ఊరు ఊరంతా కదిలి చూసింది, నేనూ వెళ్లాను. చీతా ముఖం మీద కళ్ల లోపలి కొసల నుంచి నోటి దాకా జారే నల్లటి చారలు ఫొటోలో చూడ్డం వేరు. అది తలతిప్పి మన మీదుగా ఎక్కడో దూరంగా చూస్తున్నప్పుడు వాటిని చూడ్డం వేరు. ఆ చూపు నేను మరిచిపోలేదు. కాబట్టి చీతా ఉండటం దండగ అని అనేంత రాతిగుండె నాకు లేదు.

తర్వాత ఏం జరిగింది? ఆడ చీతా హీబా 2020లో పోయింది. మగది అబ్దుల్లా 2023 మార్చిలో గుండె ఆగి చనిపోయింది. దానికప్పుడు పదిహేనేళ్లు. అంటే చివరి మూడేళ్లూ అబ్దుల్లా ఒంటరి. సరైన కారణం లేకుండా జంతువును ఏడాదికి మించి జత లేకుండా ఉంచకూడదని మన జూల నిబంధనల్లో ఉంది. ఇక్కడ కారణం ఉంది. దేశంలో చీతాలున్న జూలే బహు అరుదైనప్పుడు జతను ఎక్కడి నుంచి తెస్తారు? ఎవర్నీ వేలెత్తి చూపలేం. నా బాధంతా అదే. ఎవరి తప్పూ లేకుండానే ఒక జంతువు మూడేళ్లు ఒంటరిగా బతికి పోయింది. రెండు ప్రాణాలను మరో దేశం నుంచి తెచ్చి, వాటి వెనక తరం లేకుండా, పక్కన తోడు దొరికే వీలు లేకుండా పెట్టుకుంటే కథ ఇలాగే ముగుస్తుందని మొదటి రోజే తెలుసు.

చీతా బందీగా ఉండి పిల్లల్ని కనడం ఎంత అరుదో మొగలాయీల నాటి నుంచి తెలిసిందే. వందల కొద్దీ వేట చీతాలను పెంచిన ఆ దర్బారులో, జహంగీరు కాలంలో ఒకసారి చీతా పిల్లలు పుట్టడం రాసిపెట్టుకోదగ్గ వింత అయింది. ఆ తర్వాత మళ్లీ అలాంటి కాన్పు నమోదైంది 1956లో, ఫిలడెల్ఫియా జూలో. ఇప్పుడు శాస్త్రం పెరిగింది, పెద్ద పెద్ద కేంద్రాల్లో పిల్లలు పుడుతున్నాయి. కానీ వాటికి ఎకరాలకు ఎకరాలు కావాలి, చాలా చీతాలు కావాలి, ఆడదాన్నీ మగదాన్నీ వేరుగా ఉంచి సమయం చూసి కలిపే ఏర్పాటు కావాలి. రెండు చీతాలు, ఒక ఎన్‌క్లోజర్, ముందు వెయ్యిమంది జనం ఉన్నచోట అది అయ్యే పని కాదు.

అబ్దుల్లా పోయాక "మళ్లీ చీతా తేవాలి" అన్నవాళ్లను విన్నాను. ఎందుకని అడిగితే "పిల్లలు అడుగుతారు" అన్నారు.

ఖాళీగా ఉన్నదానికి పని లేదా?

ఎన్‌క్లోజర్ ఖాళీగా ఉంటే చోటు వృథా అనుకుంటాం. బయట నడిచే మనకు కనిపించేది ముందు భాగమే. చాలా జూల్లో దాని వెనక నైట్‌హౌస్‌లు ఉంటాయి. డిస్‌ప్లేలో ఒక పులి తిరుగుతుంటే, దానితో పడని ఇంకో పులి వెనక గదిలో తన వంతు కోసం ఎదురుచూస్తుంటుంది. సర్దుబాటు కాని రెండు మగ జంతువులకు ఉన్నది ఒకే మైదానమైతే ఒకదానికి పొద్దున, ఒకదానికి సాయంత్రం. పక్క ఎన్‌క్లోజర్ ఖాళీ అయిందంటే, మధ్యలో ఒక గేటు తెరిస్తే చాలు, ఆ రెంటికీ రోజంతా బయటే. ఒక కొత్త జాతిని తెచ్చి క్వారంటైన్లో పెట్టి, దాని తిండీ తెగుళ్లూ నేర్చుకుని, దాని అలవాట్లు తెలిసిన కీపర్‌ను తయారుచేసుకునే ఖర్చుతో పోలిస్తే గేటు ఖర్చు ఎంత?

చోటు లేకపోతే ఏమవుతుందో ఒకచోట దగ్గర నుంచి చూశాను. వేరే రాష్ట్రంలో ఒక పట్టణం జూ అది, పేరు అక్కర్లేదు. అందులో ఒక దుమ్ములగొండి ఉంది. ఎన్‌క్లోజర్ మరీ ఇరుకేం కాదు, ఒక మోస్తరు ఇంటి స్థలమంత. అది కంచె వెంబడి నడుస్తోంది. అది నడిచే దారి మాత్రం గడ్డి పోయి, మట్టి బిగుసుకుపోయి, నున్నగా మెరుస్తోంది. దారి వెడల్పు దాని పాదాలంత. మూలకొచ్చి తిరిగేటప్పుడు ప్రతిసారీ ఎడమ భుజం గోడకు రాసుకుంటోంది. అక్కడ సున్నం ఊడిపోయి, నూనె మరకలాగా నల్లటి చార, సరిగ్గా దాని భుజం ఎత్తున. నాలుగడుగులు, తల పైకి, మలుపు. మళ్లీ నాలుగడుగులు, తల పైకి, మలుపు. తల ఎత్తిన చోట చూడ్డానికి ఏమీ లేదు. నా పక్కన ఒకాయన తన మనవడితో "చూశావా, ఎంత హుషారుగా తిరుగుతోందో" అన్నాడు. ఆయనకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. అది హుషారు కాదు తాతగారూ, బందీగా ఉన్న జంతువుకు పట్టే జబ్బు. అడవిలో రాత్రికి మైళ్లు నడిచే జీవానికి అన్ని అడుగులకూ ఇక్కడ మిగిలింది ఆ దారొక్కటే. మనవడు సంబరంగా చప్పట్లు కొడుతున్నాడు, నేను ఊరుకున్నాను.

ఆ దుమ్ములగొండి పక్క ఎన్‌క్లోజర్లో ఆ ఏడాదే కొత్తగా తెచ్చిన విదేశీ పక్షులు ఉన్నాయి. వాటి ముందు బాగా జనం.

ఖాళీ కావడానికే పుట్టిన చోటు

జూలో ఒక భాగం ఖాళీ కావడాన్ని విజయంగా చూడటం మన దగ్గర కొత్తేమీ కాదు. విశాఖపట్నం జూ పక్కన, తిరుపతి జూలో సర్కస్ సింహాల కోసం పెట్టిన రక్షణ కేంద్రాలు గుర్తున్నాయా? పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఇక సర్కస్‌లో ఆడకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుల చుట్టూ తిరిగారు, 2001లో సుప్రీంకోర్టులోనూ వాళ్ల మాట నెగ్గలేదు. అప్పుడు వందల మృగాలు ఒక్కసారిగా నిలువ నీడ లేనివయ్యాయి. వాటికోసం కట్టినవే ఈ కేంద్రాలు. ఆ సింహాల్లో ఎక్కువ భాగం ఆఫ్రికా రక్తం, గుజరాత్‌లోని గిర్ సింహాల రక్తం కలిసిన సంకరాలు. అడవికి పంపలేరు, గిర్ సింహాలతో కలపలేరు. కాబట్టి సంతానం లేకుండా, తిండీ వైద్యం చూస్తూ, వాటి ఆయుష్షు తీరేదాకా సాకడమే పని. గోళ్లు లాగేసినవి, పళ్లు అరిగినవి, చూపు మందగించినవి ఒక్కొక్కటే వయసు మీరి పోయాయి. ఒక్కో గది ఖాళీ అవుతుంటే ఎవరూ "కొత్తవి తెండి" అనలేదు. తేవడానికి లేదని అందరికీ తెలుసు. ఎందుకంటే సర్కస్‌లో సింహం ఉండకపోవడమే కదా మనం కోరుకున్నది.

ఈ పద్ధతిని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లమంటున్నాను, అంతే. తెల్లపులి విషయమే చూడండి. 1951లో రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే మగపిల్లకు దాని కూతురు రాధతోనే జతకట్టించి, 1958లో తెల్ల పిల్లల్ని పుట్టించారు. జూల్లో కనిపించే తెల్లపులుల్లో చాలా భాగం ఆ వంశం నుంచి వచ్చినవే. తెల్లపులి వేరే జాతి కాదు, బెంగాల్ పులిలో అరుదైన ఒక జన్యువు ఫలితం. ఆ తెలుపు నిలవాలంటే దగ్గరి రక్తాన్నే కలపాలి. దానివల్ల మెల్లకన్ను, కంటి నరాల అల్లికలో తేడాలు వస్తాయి, ఇతర లోపాలు కూడా. సంరక్షణకు దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. అమెరికాలో జూల సంఘం 2011లోనే తన సభ్యులు తెల్లపులుల్ని పుట్టించకూడదని తేల్చేసింది. మన దగ్గర ఇంకా తెల్లపులి పిల్లలు పుడితే మిఠాయిలు పంచినంత సంబరంగా వార్త వేస్తాం. ఉన్నవాటిని కళ్లల్లో పెట్టుకుని చూసుకుందాం. అవి పోయాక ఆ ఎన్‌క్లోజర్‌ను పక్కనున్న మామూలు పులికి వదిలేద్దాం. ఒక్క తరం ఓపిక పడితే చాలు.

ఎవరికీ కనిపించని మార్పు

ఇన్నేళ్లలో నెహ్రూ జూపార్కులో జరిగిన అన్నింటికన్నా గొప్ప మార్పు ఏదని నన్నడిగితే మూషిక జింక అంటాను. చాలామంది హైదరాబాదీలు దాన్ని చూడనేలేదు, చూసినా కుందేలనుకుని వెళ్లిపోయి ఉంటారు. మూడు కిలోల బరువు, పుల్లల్లాంటి కాళ్లు, ఒంటిమీద తెల్లటి చుక్కలూ గీతలూ. కొమ్ములుండవు, మగదానికి పైపెదవి కింద నుంచి చిన్న కోరలు తొంగి చూస్తాయి. భయపడితే కదలకుండా ఆకుల్లో ఆకై కూర్చుంటుంది. 2010లో కేంద్ర జూ అథారిటీ, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించే జాతుల మీద పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల, మన జూ కలిసి వీటిని పెంచే కార్యక్రమం మొదలుపెట్టాయి. గుప్పెడు జీవాలతో మొదలైనది వందల్లోకి పెరిగింది. 2017 నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వాటిని చేరవేస్తున్నారు. తీసుకెళ్లి నేరుగా వదిలేయరు. అడవిలోనే కంచె కట్టిన చోట కొన్నాళ్లు ఉంచి, అక్కడి ఆకూ కాయా అలవాటయ్యాక తలుపు తీస్తారు.

ఆలోచించండి. బహదూర్‌పురాలో, లారీ హారన్లకూ సైకిల్ రిక్షాల గంటలకూ అరకిలోమీటరు దూరంలో పుట్టిన జింక ఇప్పుడు నల్లమలలో తిరుగుతోంది. జూలోంచి ఒక జంతువు బయటికి పోవడం అంటే చావడమో, ఇంకో జూకి మారడమో అని మనకు అలవాటైపోయింది. మూడో దారి ఒకటుందని చూపించింది ఈ మూడు కిలోల జీవం. పెంపకం ఎన్‌క్లోజర్లు మామూలు జనానికి కనబడే చోట ఉండవు. టికెట్ కొన్నవాళ్లకు చూపించడానికి ఏమీ లేని పని ఇది. ఆ పనికి చోటు కావాలి, కీపర్లు కావాలి, వెటర్నరీ డాక్టర్ల సమయం కావాలి. రాబందుల పెంపకం కూడా అంతే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. రాబందు జత ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. అలాంటి పనిని పాతికేళ్లు పట్టుకుని కూర్చోవాలి. కొత్త జంతువు కోసం ఖర్చయ్యే ప్రతి రూపాయీ, ప్రతి చదరపు గజమూ ఇలాంటి పనికి దక్కకుండా పోయినదేనని నా లెక్క.

అందరూ రెండు నిమిషాల్లో దాటేసే ఇంకో చోటుంది, రాత్రి జంతువుల గది. పగటిని రాత్రిగా మార్చి, మసక వెలుతురులో ఉంచుతారు కదా, అది. కిందటిసారి వెళ్లినప్పుడు దేవాంగపిల్లి అద్దం ముందు నిలబడ్డాను. కళ్లు చీకటికి అలవాటుపడటానికి కాసేపు పడుతుంది. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత కొమ్మ మీద ఒక బుడిపె కదిలినట్టనిపించింది. ఆ బుడిపెకు రెండు గుండ్రటి కళ్లొచ్చాయి. తర్వాత వేళ్లు. చంటిపాప వేళ్లంత సన్నగా, ఒక్కో వేలూ కొమ్మను విడిచి మళ్లీ పట్టుకుంటూ, తొందరే లేకుండా ముందుకు జరిగింది. దాని ముందు ఒక పురుగు ఉంది. దగ్గరికి చేరి, కాళ్లతో కొమ్మను పట్టుకుని, రెండు చేతులూ ఒక్కసారిగా చాపి దాన్ని అందుకుంది. అంతవరకు ఉన్న నెమ్మదితనమంతా ఏమైందో! సరిగ్గా అప్పుడే నా వెనక నుంచి ఎవరో ఫోన్ లైటు వేశారు. "ఏం లేదురా ఇందులో, ఖాళీ" అన్నారు. దేవాంగపిల్లి ముడుచుకుపోయింది. అక్కడున్న ఉద్యోగి "లైట్ బంద్ చెయ్యండి సార్" అంటూ పరిగెత్తుకొచ్చాడు. పొద్దుట్నుంచి ఆయన అదే మాట ఎన్నిసార్లు అన్నాడో.

మన నల్లమలలో, శేషాచలంలో ఉండే జీవం అది. ఉన్నదాన్ని చూసే తీరిక లేని మనకు జిరాఫీ, జాగ్వార్, కంగారూ ఎన్ని తెచ్చినా తీరే ఆకలి కాదనిపిస్తుంది.

నాకు ఎదురయ్యే మాటలు

మొదటిది డబ్బు. దీన్ని కొట్టిపారేయలేను. ముంబై బైకుల్లా జూ సంగతి తెలిసిందే. 2016లో దక్షిణ కొరియా నుంచి హంబోల్ట్ పెంగ్విన్లను తెచ్చారు. కొన్ని నెలలకే ఒకటి చనిపోయింది, పెద్ద రచ్చ జరిగింది, కోర్టు దాకా వెళ్లింది. కానీ 2017 మార్చిలో జనానికి చూపించడం మొదలుపెట్టాక క్యూలు రోడ్డెక్కాయి. ఐదు రూపాయల టికెట్‌ను యాభై చేసినా జనం తగ్గలేదు. ఆ ఆదాయంతో మిగతా ఎన్‌క్లోజర్లు బాగుపడ్డాయని వాదించేవాళ్లున్నారు. అందులో నిజమూ ఉంది. కొత్త జంతువు లేకపోతే జనం రారు, జనం రాకపోతే డబ్బు రాదు, డబ్బు లేకపోతే ఉన్నవాటికే పస్తు. నేను చెప్పేది అమలైతే జూ ఆదాయం కొంత పడిపోవచ్చని ఒప్పుకుంటాను. అయితే జూ ఖర్చును టికెట్ కిటికీ దగ్గరే తేల్చుకోవాలా అన్నది అసలు ప్రశ్న. గ్రంథాలయానికి, మ్యూజియానికి ఇచ్చినట్టే దీనికీ ప్రభుత్వం ఇవ్వాలి. మూషిక జింకను నల్లమలకు పంపిన పని రాష్ట్రం పని, అది టికెట్ మీద బతకాల్సిన పని కాదు.

రెండోది నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మహబూబ్‌నగర్ పక్కనో నల్లగొండ పక్కనో ఒక ఊరి బడి పిల్లలు బస్సెక్కి వస్తారు. టిఫిన్ డబ్బాలు, మెడలో నీళ్ల సీసాలు, వరసలో చెయ్యి చెయ్యి పట్టుకుని. కిషన్‌బాగ్ గల్లీల్లోంచి ఆటోలో ఎనిమిది మంది ఇరుక్కుని వచ్చే కుటుంబం ఉంటుంది. ఆఫ్రికాలోని మసాయిమారా అభయారణ్యానికి వెళ్లగల వాళ్ల పిల్లలకు చీతా ఎక్కడైనా దొరుకుతుంది. వీళ్లకు ఉన్నది ఇదొక్కటే. "మీరు చూసేశారు కాబట్టి ఇక చాలంటారా?" అని ఎవరైనా అడిగితే నేను తలదించుకోవాల్సిందే. ఎంత ఆలోచించినా దీనికి పూర్తి సమాధానం నాకు దొరకలేదు.

దొరికినంతవరకు ఇది. పిల్లలు దేని దగ్గర ఆగుతారో గమనించాను. బోర్డు మీద పేరు ఎంత పెద్దదైనా, జంతువు నిద్రపోతుంటే అరనిమిషం ఆగరు. నీటికుక్కలు కొట్లాడుకుంటుంటే, తల్లికోతి పిల్లకు పేలు చూస్తుంటే, ఏనుగు మట్టి ఒంటిమీద చల్లుకుంటుంటే, టీచరమ్మ లాగినా కదలరు. ఒకసారైతే ఖాళీ ఎన్‌క్లోజర్ ముందే గుంపు కట్టారు. లోపల మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలోంచి ముంగిస ఒకటి, బయటి నుంచి వచ్చినదే, తల పైకెత్తి చూస్తోంది. వెనక మరో రెండు చిన్నవి. "మేడం, పిల్లలు! పిల్లలు!" అని అరుపులు. మీరాలం చెరువు పక్కనే ఉండటంతో కొంగలూ నీటికాకులూ వాటంతటవే వచ్చే చోటు అది. పిల్లలు కోరేది ఒక జీవం తన పని తాను చేసుకుంటుంటే చూడ్డం. దానికి నూట తొంభై జాతులు అక్కర్లేదు, ఉన్న కొన్నింటికీ దాక్కోవడానికి పొదలూ, తవ్వుకోవడానికి మట్టీ, ఎక్కడానికి చెట్లూ కావాలి.

మూడో మాట ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నది. జాతులు తగ్గిద్దామని నిజంగానే నిర్ణయిస్తే ముందు ఎవరి మీద వేటు పడుతుంది? పులి మీదా, సింహం మీదా పడదు. పునుగు పిల్లి, నక్క, ముళ్లపంది, ఉడుము, వీటిని తీసేస్తారు. డబ్బు కట్టి ఒక జంతువు తిండి ఖర్చు భరించే దత్తత పథకం వార్తలు చూస్తే తెలుస్తుంది, పుట్టినరోజుకు పులిని దత్తత తీసుకునేవాళ్లు ఎక్కువ, అడవిపిల్లి పేరు చెప్పేవాళ్లు అరుదు. నా వాదన తప్పు చేతుల్లో పడితే పెద్ద మృగాలకు మైదానాలూ, చిన్నవాటికి గెంటివేతా మిగులుతాయి. అందుకే తీసేయాల్సిన వరసను కూడా చెప్పాలి. ఈ నేలకు చెందనిది, జత దొరకనిది, బయట అడవిలో దాని జాతికి మన పెంపకం వల్ల ఒరిగేది లేనిది, వీటిని మళ్లీ తేవొద్దు. దక్కనులో ఉండేది, ఎంత చిన్నదైనా, దానికి చోటు పెరగాలి. దుమ్ములగొండి, తోడేలు, గుంటనక్క, దేవాంగపిల్లి, మన ఊళ్ల చుట్టూ నుంచి మాయమవుతున్నవన్నీ అందులో ఉంటాయి.

ఏనుగుల సంగతి

రాణి దగ్గరికి రాకుండా ఈ వ్యాసం ముగించలేను. 1938లో పుట్టిందని రికార్డు. 1963లో జూ తెరిచే ముందు బాగేఆమ్ నుంచి, అంటే పబ్లిక్ గార్డెన్ నుంచి, బహదూర్‌పురాకు వచ్చిన మొదటి తరంలోది. 2021 జూన్‌లో ఎనభై మూడేళ్ల వయసులో పోయింది. మా నాన్న తన చిన్నప్పుడు చూసిన ఏనుగును నా చిన్నప్పుడు నాకు చూపించాడు, నేను మా తమ్ముడి పిల్లలకు చూపించాను. రాణి పోయినప్పుడు నాకు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టే అయింది.

అయినా ఏనుగుల్ని జూల్లో ఉంచొద్దని, వాటిని విశాలమైన శిబిరాలకు తరలించాలని కేంద్ర జూ అథారిటీ 2009 నవంబరులోనే చెప్పింది. అది సరైన మాట. రోజుకు ఎన్నో కిలోమీటర్లు నడిచే, తల్లులూ పిన్నులూ కూతుళ్లూ మందగా బతికే జంతువుకు నగరం మధ్య ఎంత ఇచ్చినా తక్కువే. అమలు మాత్రం నత్తనడకే. 2023 అక్టోబరులో, జూకు అరవై ఏళ్లు నిండిన ఆ రోజుల్లోనే, మగ ఏనుగు దాడిలో ఒక కీపర్ ప్రాణం పోయింది. ఆయన వెనక ఒక కుటుంబం ఉంది. ఆ ఏనుగును తిట్టినవాళ్లున్నారు, మదమెక్కిందన్నవాళ్లున్నారు. బలమైన మగ ఏనుగునూ మనిషినీ రోజూ గొలుసు దూరంలో ఉంచితే ఇద్దరిలో ఎవరి క్షేమానికీ పూచీ లేదని నేనంటాను.

అమెరికాలో డెట్రాయిట్ జూ 2004లో తన రెండు ఏనుగుల్నీ వదులుకుంటానని ప్రకటించింది. చలికీ, చోటు చాలనితనానికీ వాటి కీళ్లు దెబ్బతిన్నాయి. 2005లో వాటిని కాలిఫోర్నియాలోని అభయ కేంద్రానికి పంపించేశారు. అప్పుడు పెద్ద గొడవ జరిగింది, తోటి జూలే తప్పుపట్టాయి. ఆ మాట ఇప్పుడు అంత విడ్డూరంగా వినిపించదు. నిజం చెప్పాలంటే ఆ ఎన్‌క్లోజర్‌ను కూడా వాళ్లు ఖాళీగా ఉంచలేదు, ఖడ్గమృగాల్ని తెచ్చారు. నా వాదన ప్రకారం అదీ సరి కాదు. కానీ ఏనుగు లేకుండా జూ బతకదన్న భయం అక్కడితో పోయింది.

మన జూలో ఇప్పుడున్న ఏనుగులు ముసలివై, చూసుకునే మావటీలకు అలవాటైనవైతే, వాటిని చివరి వయసులో లారీ ఎక్కించి ఎక్కడికో పంపడం మేలా, ఉన్నచోటే ఉంచి చూసుకోవడం మేలా? ఇది ఒక్కో ఏనుగు ఆరోగ్యం చూసి డాక్టర్లూ మావటీలూ కలిసి తేల్చాల్సిన విషయం. నేను అడిగేది ఒక్కటే. కొత్త ఏనుగుపిల్లను తేవొద్దు, ఇక్కడ పుట్టించొద్దు.

ఇదంతా విన్నాక మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చీతా జాగల జాగ్వార్ వస్తే మస్తుండు గదక్కా" అన్నాడు. వాడు మొండివాడు. వచ్చే ఆదివారం పిల్లల్ని నాతో పంపమన్నాను. సఫారీ, టాయ్ ట్రైన్ తర్వాత చూద్దాం, ముందు రాత్రి జంతువుల గదికే తీసుకెళ్తాను, ఫోన్లు బ్యాగులో పెట్టించి. సరేనన్నాడు కానీ "మధ్యాహ్నం బిర్యానీ తినిపించాలె మరి" అని షరతు పెట్టాడు.